ట్రంకు పెట్టెల కొట్టులో అంటెన్నా

నా చిన్నప్పుడు మా పుత్తూరుకు టీవీ బొమ్మ మద్రాసు నుంచే రావాలి. అది కూడా సాయంత్రం ఆరున్నరకు మొదలై, జనం పడుకునే వేళకు ఆగిపోయేది. ఊళ్లో కాస్త ఉన్నవాళ్లు నలుగురైదుగురు మిద్దెల మీద పొడుగాటి ఇనుప గొట్టాలు నిలబెట్టి, వాటి కొసన అల్యూమినియం కడ్డీల అంటెన్నాలు కట్టుకున్నారు. అన్నీ ఆగ్నేయం వైపుకే చూస్తుండేవి. మద్రాసు ఆ దిక్కున ఉంది కాబట్టి. మా వీధిలో మాత్రం ఎవరెంత ఎత్తు లేపినా బొమ్మ రాలేదు. మా వీధి కొండ పాదానికి మరీ దగ్గర. మధ్యాహ్నం మూడు దాటితే చాలు, కొండ నీడ మా గుమ్మాల మీద పడేది. మద్రాసుకూ మాకూ మధ్య కూడా దాని కొసే వంపు తిరిగి అడ్డంగా ఉండేది.

మా పక్కిల్లు ట్రంకు పెట్టెల కొట్టు. ఇంటాయన్ని వీధి మొత్తం సాయిబు మామ అని పిలిచేది. వరండాలో రేకు పరుచుకుని, పొద్దుటి నుంచి కత్తిరించడం, మడవడం, రివిట్లు కొట్టడం ఆయన పని. హాస్టళ్లకు పోయే పిల్లలకు, కాపురాలకు పోయే ఆడపిల్లలకు ఆయన చేసిన పెట్టెలే దిక్కు. అయితే నేను చెప్పే ఏడాదికి రెక్సిను సూట్‌కేసులు బజారులో దిగిపోయాయి. వరండాలో నీలం రంగు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. కొనేవాళ్లు తక్కువ.

ఆయనకు ఒక్కతే కూతురు. తిరుపతి పాలిటెక్నిక్‌లో మూడేళ్లు రేడియోలు, కరెంటు సర్క్యూట్ల చదువు చదివి, సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికొచ్చింది. మా వీధిలో అంత చదివిన ఆడపిల్ల లేదు. వచ్చి ఏడాది అయినా పని మాత్రం దొరకలేదు. ఇక మీదట నేను అక్క అనేది ఆమెనే. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఓణీ కొంగు నడుముకు బిగించి కట్టుకుని తండ్రి పక్కన కూర్చుని రివిట్లు కొడుతుండేది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

బజారులో రేడియోల కొట్టు నడిపే ఒకాయన టీవీలు అమ్మడం మొదలుపెట్టాడు. కొండవైపు వీధుల వాళ్లు బొమ్మ రాదని కొనడం లేదని ఆయన బాధ. అక్క ఆయన దగ్గరికి పోయి పని అడిగింది. ఆయన నవ్వాడట. ‘ఆడబిడ్డ మిద్దెలెక్కి కడ్డీలు కడతాదా?’ అన్నాడట. అక్క అక్కడే నిలబడింది. చివరికి ఆయన, ‘సరే, మీ వీధిలో మద్రాసు బొమ్మ తెప్పించు. తెప్పిస్తే ఈ ఊళ్లో అంటెన్నా పని అంతా నీకే’ అని, కొట్టులో పాతబడిన టీవీ ఒకటి రిక్షాలో పంపాడు. దాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకుంటానన్నాడు.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. నాకప్పుడు పన్నెండేళ్లు. ఆ ఏడాది ఎండాకాలం చివర మా తమ్ముడు జ్వరంతో పోయాడు. వాడికి నాలుగేళ్లు. మూడు రోజుల జ్వరం. మూడో రోజు తెల్లవారి తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయారు, సాయంత్రానికి తిరిగి తెచ్చారు. నాయన తువ్వాలులో చుట్టుకుని బస్సు దిగి నడిచి రావడం నేను గుమ్మంలోంచి చూశాను. చూశానన్న సంగతి గుర్తుంది. చూసినప్పుడు ఏమనిపించిందో గుర్తులేదు, ఎందుకంటే ఏమీ అనిపించలేదు. వచ్చినవాళ్లందరూ ఏడ్చారు. నేను వాళ్లకు మంచినీళ్లు అందించాను. మా పెద్దత్త నా గడ్డం పట్టుకుని, ‘ఈ పిల్లది గుండెనా బండనా’ అన్నది. నాకూ అదే సందేహం ఉండేది.

ఆ తర్వాత రెండు నెలలు ఇల్లంతా దుప్పటి కప్పినట్టు ఉండేది. నాయనకు ముందుగదిలో రెండు కరెంటు మగ్గాలుండేవి. ఆయన వాటి ముందు నిలబడితే తిండికి కూడా పిలిస్తే గానీ కదిలేవాడు కాదు. అమ్మ వంట చేసేది, వడ్డించేది, గోడకు ఆనుకుని కూర్చునేది. నాతో మాట్లాడటం మానేసింది. కోపం ఉన్నట్టు కూడా కాదు, నేను అక్కడ ఉన్నట్టే ఆమెకు తెలియనట్టు ఉండేది. నేను బడికి పోయి వచ్చేదాన్ని. పంతులమ్మ, దుకాణాయన, నీళ్ల దగ్గర ఆడవాళ్లు, ఎవరు ‘ఎట్లుండారు మే మీ ఇంట్లో’ అని అడిగినా, ‘బాగుండారు’ అనేదాన్ని. నువ్వెట్లుండావు అంటే ‘బాగుండా’. అన్నం తిన్నావా, లెక్కలు చేసినావా, కాలికి ఆ దెబ్బ ఎట్లుండాది, అన్నింటికీ అదే మాట. ఆ మాట చెబితే అవతలివాళ్లు ఇంకొకటి అడగకుండా వెళ్లిపోతారని నాకు అర్థమైపోయింది.

అలాంటి ఒక రోజు అక్క గోడ మీదుగా తొంగి చూసి, ‘పాపా, ఈ పైపు ఆ కొసన పట్టుకుంటావా?’ అన్నది. వెళ్లి పట్టుకున్నాను. ఎందుకని అడగలేదు.

అంటెన్నాకు నడుమ ఉండే ముఖ్యమైన కడ్డీని జడపిన్ను ఆకారంలో వంచాలి. అల్యూమినియం గొట్టాన్ని ఊరికే వంచితే వంపు దగ్గర నలిగి చితికిపోతుంది. సాయిబు మామ ఒక ఉపాయం చెప్పాడు. గొట్టం నిండా పొడి ఇసుక పోసి, రెండు కొసలా కట్టె బిరడాలు బిగించి, అప్పుడు నెమ్మదిగా గుండ్రాయి చుట్టూ వంచాలట. ఇసుక జల్లెడ పట్టడం, పోయడం, కట్టెపుల్లతో గొట్టాన్ని తడుతూ ఇసుక అడుగుదాకా దిగేలా చూడటం నాకు అప్పగించారు. నాలుగు రోజులు బడి వదిలాక నేను చేసిన పని అదే. కడ్డీల కొలతలు అక్క తన నోటు పుస్తకంలో చూసుకుని గోరంత తేడా లేకుండా కోసేది. వరుసగా ఒక పొడుగు పట్టీ మీద వాటిని బిగించేది. ఏ కడ్డీ ఎందుకో పని చేస్తూనే చెప్పేది.

‘గాలిలో వచ్చేదాన్ని పట్టేది ఈ జడపిన్నే పాపా. వెనకాల ఈ పొడుగు కడ్డీ అది దాటి పోకుండా ఆపుతాది. ముందర ఈ పొట్టివి దాని మొహాన్ని ఒకే పక్కకు పెడతాయి. ఇది అన్ని పక్కలా వినేది కాదు. ఒక్క పక్కనే వింటాది, ఆ పక్కన బాగా దూరం వింటాది.’

తమ్ముడి గురించి ఆమె ఒక్క మాట అడగలేదు. సాయిబు మామ భార్య మాత్రం రోజూ నా చేతిలో ఏదో ఒకటి తినడానికి పెట్టేది. నేను తినేదాన్ని. రుచి తెలిసేది కాదు.

అయిదో రోజుకు అంటెన్నా మిద్దె మీద గొట్టానికి ఎక్కింది. రిబ్బను లాంటి చదును వైరు గోడ వెంట కిందికి దిగి, కిటికీలోంచి ముందుగదిలో టీవీకి చేరింది. మిద్దె మీద ఉన్నవాళ్లకు బొమ్మ కనపడదు, బొమ్మ ముందున్న వాళ్లకు అంటెన్నా కనపడదు. అందుకని అక్క పైన గొట్టం తిప్పుతూ కిందికి కేక వేసి అడగాలి, నేను బొమ్మ చూసి కిటికీలోంచి కేక వేసి చెప్పాలి. సాయిబు మామ గొట్టాన్ని నిలబెట్టి పట్టుకోవాలి కాబట్టి ఆయనా పైనే ఉన్నాడు.

ఆరున్నర అయింది. అక్క తిప్పడం మొదలుపెట్టింది. తెర నిండా తెల్ల చుక్కలు, జొన్నలు వేయించినట్టు చిటపట శబ్దం. నేను దాని ముందు కూర్చున్నాను, చూడలేదు. కళ్లు అటే ఉన్నాయి.

‘ఎట్లుండాది పాపా?’

‘బాగుండాది,’ అన్నాను.

‘బొమ్మ వచ్చిందా?’

‘వచ్చిందక్కా. బాగుండాది.’

ఎందుకు అన్నానో ఆ రోజు అడిగితే చెప్పలేకపోయేదాన్ని. ఎవరో అడిగారు, నా నోటికి అలవాటైన మాట వచ్చింది, అంతే. పైన సాయిబు మామ సంతోషంగా ఏదో అనడం వినిపించింది. అక్క బోల్టు బిగించింది. వాళ్లు కిందికి దిగేలోపు నేను ఇంటికి వెళ్లిపోయాను. తర్వాత తెలిసింది, వాళ్లు దిగేసరికి కరెంటు పోయింది. ఆ సాయంత్రం మళ్లీ రానేలేదు. నా మాట నమ్మి సాయిబు మామ పొద్దున్నే బజారుకు పోయి, ‘మా బిడ్డ బొమ్మ తెప్పించింది, వచ్చి సూడండి’ అని కొట్టాయన్ని పిలిచి వచ్చాడు.

ఆ సాయంత్రం ఆయన వచ్చాడు. ఆయన వెంట బజారు వాళ్లు నలుగురు వచ్చారు. వీధిలో పిల్లలందరూ వచ్చి కిటికీకి వేలాడారు. సాయిబు మామ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అందరికీ టీ ఇచ్చారు. అక్క టీవీ మీట తిప్పింది. చుక్కలు. అక్క వైరు కదిపి చూసింది. చుక్కలు. మీట అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఎక్కడో అడుగున ఒక మనిషి మాట్లాడుతున్నట్టు గొణుగుడు వినిపించి పోయింది. కిటికీ దగ్గర పిల్లలు నవ్వారు.

కొట్టాయన చెడ్డ మనిషేమీ కాదు. టీ గ్లాసు కింద పెట్టి, ‘దీనికా సాయిబూ నన్ను పిలిచింది?’ అన్నాడు. ఆ తర్వాత అక్క వైపు చూసి, ‘సదువు వేరే, పని వేరేమ్మా. బుధవారం రిక్షా పంపిస్తా, టీవీ ఎక్కించండి,’ అని లేచాడు. సాయిబు మామ ఆయన్ని వీధి మలుపు దాకా సాగనంపి వచ్చి, ఆ ఇస్త్రీ చొక్కాతోనే వరండాలో రేకు ముందు కూర్చున్నాడు. పనేమీ మొదలుపెట్టలేదు.

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. అక్క నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే ఏదైనా అనిపిస్తుందేమో అని కూడా అనుకున్నట్టు గుర్తు. ఆమె తిట్టలేదు. నా ఎదుట వచ్చి కూర్చుని అన్నది.

‘పాపా, పైన ఉన్నోళ్లకు కండ్లు ఉండవు. కింద ఉన్నోళ్లవే వాళ్ల కండ్లు. నువ్వు చెప్పిన మాట మీద నేను బోల్టు బిగించినా. రేపు ఇంకొక తూరి చేస్తాం. ఈ తూరి నువ్వు బాగుండాది అనగూడదు, బాగలేదు అని కూడా అనగూడదు. ఆ రెండు మాటలు రేపు నీకు లేవు. ఏముంటే అది చెప్పు. చుక్కలుంటే చుక్కలని చెప్పు.’

‘సరే,’ అన్నాను.

మర్నాడు సాయంత్రం ఆమె ముందు మా ఇంటికి వచ్చింది. మగ్గాల మోటార్లు తిరుగుతుంటే బొమ్మ మీద అడ్డగీతలు పడతాయని, ఒక అరగంట ఆపగలరా అని నాయన్ని అడిగింది. నాయన మెయిన్ దించాడు. తమ్ముడు పోయిన పదకొండో రోజు నుంచి, కరెంటు ఉండగా, వెలుతురున్నంత సేపు ఆ మగ్గాలు ఆగడం నేను వినలేదు. ఒక్కసారిగా వీధి అంతా ఖాళీ అయినట్టయింది. ఎక్కడో మేక అరుపు, రైలు కూత, అన్నీ వినిపించాయి. నాయన ఏం చేయాలో తెలియక అరుగు మీదికి వచ్చి నిలబడ్డాడు.

అక్క మిద్దె పిట్టగోడ మీద సుద్దతో గీతలు గీసుకుంది. ఒక్కో గీత దగ్గర అంటెన్నా ఆపి అడుగుతుంది. మొదటిది సరిగ్గా మద్రాసు వైపు.

‘ఏముండాది పాపా?’

‘బా...’ అని ఆగిపోయాను. మాట లేదు. అప్పుడు చూడవలసి వచ్చింది. ‘చుక్కలుండాయి.’

‘ఒట్టి చుక్కలేనా?’

దగ్గరికి జరిగి చూశాను. ‘చుక్కల వెనకాల మనిషి తల మాదిరి ఉండాది. రెండు తలలు. ఒకటి పక్కన ఒకటి, నీడ మాదిరి.’

‘మాట వినిపిస్తా ఉండాదా?’

‘లేదు. బుస కొడతా ఉండాది.’

పైన సుద్ద గీరిన చప్పుడు. గొట్టం కదిలింది. ‘ఇప్పుడు?’

‘తలలు పోయినాయి. నల్లగీత ఒకటి పైనుంచి కిందికి దిగతా ఉండాది.’

ఇట్లా చాలాసేపు సాగింది. ప్రతిసారీ కొత్తగా చూడాలి, చూసింది చెప్పాలి. చెప్పడానికి నా దగ్గర మాటలు చాలక, తెల్లగా అంటే ఎట్లా తెల్లగా, వంకర అంటే ఎటు వంకర అని ఆమె అడుగుతుంటే వెతుక్కుని చెప్పాను. అక్క మొదట దక్షిణం వైపుకు తిప్పుతూ పోయింది, అక్కడ ఏమీ లేదు. మళ్లీ వెనక్కి తెచ్చి, మద్రాసు దిక్కు దాటించి, తూర్పు వైపుకు తిప్పడం మొదలుపెట్టింది. అటు తిప్పడం ఎందుకని సాయిబు మామ గట్టిగా అడగడం నాకు కింద వినిపించింది. ‘మద్రాసు ఆ పక్క లేదు గదా బేటీ?’ అన్నాడు. అక్క, ‘ఆ పిల్ల చెప్పేదాన్ని బట్టి పోతా ఉండా అబ్బా,’ అని తండ్రికి చెప్పింది.

నిజమే. తూర్పుకు జరిగే కొద్దీ నేను చెప్పే మాటలు మారుతూ వచ్చాయి. రెండు తలలు దగ్గరికి జరిగాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. బుస తగ్గి గొంతు వచ్చింది, ఆడమనిషి గొంతు, అరవంలో వార్తలు చదువుతోంది. నేను అరిచాను.

‘ఒకే తల అక్కా! ఆడమనిషి! కమ్మలు కనిపిస్తా ఉండాయి.’

‘బొట్టు?’

‘ఉండాది.’

‘గుండ్రమా, నిలువా?’

‘గుండ్రం.’

‘ఇంకొక రవ్వ తిప్పుతా, సూసి చెప్పు.’

‘వద్దు. బొట్టు చెదిరిపోయింది. వెనక్కి తిప్పు. ఇంకా. ఆ, ఆడ ఆపు.’

పైన బోల్టు బిగుస్తున్న చప్పుడు వినిపించింది. కొండ కొస తూర్పున ఒకచోట కిందికి దిగి, ఒక సందు ఉంటుంది. మద్రాసు నుంచి వచ్చేది ఆ సందులోంచి తిరిగి మా వీధిలోకి వస్తోందని అక్క తర్వాత చెప్పింది. అందరూ మద్రాసు ఎక్కడుందో చూసి అటే తిప్పారు. బొమ్మ వచ్చే దారి వేరే ఉంది.

సాయిబు మామ దిగి వచ్చి బొమ్మ చూసి, నా తల మీద చెయ్యి పెట్టాడు. తర్వాత భార్యను పిలుచుకు రావడానికి లోపలికి వెళ్లాడు. నేను మిద్దె ఎక్కాను. అక్క మిగిలిన వైరు చుట్టుకుంటోంది. ఇంకా కాస్త మసక వెలుతురు ఉంది. నేను ఆమె పక్కన నిలబడి, అడక్కుండానే చెప్పాను. ఎందుకు అప్పుడే చెప్పానంటే, అరగంట సేపు ఉన్నదున్నట్టు చెబుతూ వచ్చిన నోరు ఇంకా ఆగలేదేమో.

‘అక్కా, తమ్మునికి జ్వరం వచ్చిన రెండో రోజు పొద్దుగూకేటప్పుడు అమ్మ వంటింట్లోంచి అడిగింది. తమ్ముడెట్లుండాడో సూడు మే అని. నేను గచ్చకాయలు ఆడతా ఉన్నింటి. సూడలేదు. బాగుండాడు అని చెప్పినా.’

అక్క వైరు చుట్టడం ఆపింది.

‘సూసింటే ఆ పొద్దే ఆసుపత్రికి తీసకపోయిందురు. సూసింటే వాడు బతికుండునేమో.’

నీ తప్పు కాదు అంటుందని ఎదురు చూశాను. అట్లా అంటే సరే అని తలూపి దిగిపోదామని కూడా సిద్ధంగా ఉన్నాను. ఆమె నా వైపు తిరిగింది. అప్పుడు అన్నది.

‘బతికుండునో లేదో నాకు తెలీదు పాపా. ఎవరికీ తెలీదు. తెలీని దాన్ని తెలుసని నీకు నేను చెప్పను.’

‘నాకు ఏడుపు కూడా రాలేదు.’

‘రాకపోతే రాలేదనే చెప్పు. అది కూడా చెప్పే మాటే.’

అంతే. దగ్గరికి తీసుకోలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. చుట్టిన వైరు నా చేతికిచ్చి, జాగ్రత్తగా దిగమంది. ఇన్నేళ్లలో నాతో ఎందరో ఎన్నో మంచి మాటలు చెప్పారు. అవేవీ ఆ ‘తెలీదు’ అన్న మాటలా నాలో దిగలేదు. నాకు తెలియని విషయం ఆమెకూ తెలియదు. ఆ తెలియనిదాన్ని నేనొక్కదాన్నే కాకుండా ఇద్దరం మోశాం.

మర్నాడు బడికి పోలేదు. మధ్యాహ్నం అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతోంది. ఎదుట కూర్చుని, అక్కతో చెప్పినట్టే అమ్మకూ చెప్పాను. గచ్చకాయలు ఆడటం, చూడకపోవడం, బాగుండాడు అనడం. అమ్మ చెయ్యి ఆగింది. తలెత్తి నన్ను చూసింది. రెండు నెలల్లో అమ్మ నా మొహం చూడటం అదే మొదటిసారి.

‘నువ్వు చెప్పినాక నేను లేచి పోయి వాని నుదురు పట్టుకొని సూసినా,’ అన్నది. ‘కాలిపోతా ఉన్నింది. మీ నాయన మగ్గం మీద ఉండాడు, చీర సగంలో ఉండాది, తెల్లారి పోదాంలే అనుకున్నా. నేనే అనుకున్నా. మీ నాయనకు కూడా చెప్పలేదు.’

అమ్మ ఏడ్చింది. చప్పుడు లేకుండా మొదలై, తర్వాత చప్పుడుతో. నాకు రాలేదు. చేట నా ముందుకు లాక్కుని రాళ్లేరాను. కాసేపటికి అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ‘ఆ పక్క వడ్లగింజలు ఉండాయి సూడు,’ అన్నది. చూశాను, నిజంగానే ఉన్నాయి. ఆ సాయంత్రం అమ్మ నాయనతో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. మగ్గాలు మాత్రం పొద్దుగూకకముందే ఆగాయి.

బుధవారం రిక్షా కంటే ముందు కొట్టాయనే వచ్చాడు, ఎవరో చెప్పి ఉంటారు. టీవీ ముందు కూర్చుని అరగంట సేపు కదల్లేదు. లేచి మిద్దె ఎక్కి, అంటెన్నా మొహం ఎటుందో చూసి, ‘ఇది తూర్పు గదమ్మా!’ అన్నాడు. కొండ సందు సంగతి అక్క చెబితే తల గోక్కున్నాడు. మాట తప్పలేదు. ఆ నెల నుంచి ఊళ్లో అంటెన్నా కావాలన్నవాళ్లను ట్రంకు పెట్టెల కొట్టుకే పంపాడు. సాయిబు మామ రేకు కత్తెర పక్కన పెట్టి గొట్టాలు వంచడం మొదలుపెట్టాడు. అక్క ప్రతి మిద్దే తనే ఎక్కింది. మొదట్లో జనం నిలబడి చూసేవాళ్లు, తర్వాత అలవాటు పడిపోయారు. మా వీధిలో ఇరవై అంటెన్నాలు లేచాయి, అన్నీ ఎవరో పొరపాటున తిప్పినట్టు ఊరందరికీ వేరుగా తూర్పుకు చూస్తూ. కేబులు వచ్చేదాకా ఆ కుటుంబానికి అదే అన్నం పెట్టింది. ఆ తర్వాత అక్క తిరుపతిలో ఒక బడిలో సైన్సు చెప్పింది. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉంది. నెలకోసారి వెళ్లి చూసి వస్తుంటాను.

నేను నర్సునయ్యాను. తిరుపతిలో పిల్లల వార్డులోనే ఎక్కువ ఏళ్లు చేశాను. ఇంకా మూడేళ్ల సర్వీసుంది. కొత్తగా చేరే నర్సులు మంచాల వెంట నడుస్తూ, ‘ఎట్లుండాడమ్మా, బాగుండాడా?’ అని తల్లుల్ని అడుగుతుంటారు. బాగుండాడనే చెబుతారు తల్లులు. డాక్టరుకు భయపడి చెబుతారు, నిద్ర లేక చెబుతారు, ఆ మాట అంటే నిజమవుతుందని చెబుతారు. అట్లా అడగొద్దని నేను ఆ కొత్తవాళ్లకు చెబుతాను. ఎన్నిసార్లు పాలు తాగాడు, ఒంటేలుకు ఎప్పుడు పోయాడు, ఏడుపు గొంతు నిన్నటిలాగే ఉందా, అవి అడగమంటాను. అడిగాక వాళ్ల మాట మీదే ఆగిపోకుండా దుప్పటి తీసి చూడమంటాను. ‘మేడమ్‌కు చాదస్తం’ అని వాళ్లు వెనకాల అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనీ.

వార్డులో ఎప్పుడైనా ఒక బిడ్డ పోతే, ఆ తల్లి ‘ముందే తీసుకొస్తే బతికేదా?’ అని అడుగుతుంది. ముప్పై ఏళ్లలో ఈ ప్రశ్న ఒక్కసారి కూడా తప్పలేదు. తెలిసినప్పుడు తెలిసినంత చెబుతాను. తెలియనప్పుడు తెలియదని చెప్పి, పక్కన కూర్చుంటాను. కొందరు నన్ను తిట్టారు. కొందరు చెయ్యి పట్టుకున్నారు.

నా తమ్ముడి కోసం నేను ఇంతవరకూ ఏడవలేదు. అమ్మ పోయినప్పుడు ఏడ్చాను, నాయన పోయినప్పుడూ ఏడ్చాను, వాడి కోసం మాత్రం రాలేదు. ఎందుకని మా ఆయన ఒకసారి అడిగాడు. ఆయనకు ఎట్లా చెప్పానో ఇక్కడా అట్లాగే రాస్తున్నాను, రాలేదు అని. దాన్ని దాచుకోవలసిన అవసరం మాత్రం నాకు పన్నెండేళ్లప్పుడే తీరిపోయింది.